తీరం దగ్గర శాటిలైట్ అలల ఎత్తూ, బోయ్ రీడింగూ కలవట్లేదు, ఎవర్ని నమ్మాలి?

అలలలెక్క
జేసన్-3, సెంటినల్-3 శాటిలైట్ల రాడార్ ఆల్టిమీటర్ డేటా దించుకుని తీరానికి దగ్గర్లో ఉన్న ఒక బోయ్‌తో (నీళ్ళ మీద తేలుతూ అలల్ని కొలిచే పరికరం) సిగ్నిఫికెంట్ వేవ్ హైట్, అంటే పెద్ద అలల సగటు ఎత్తు, పోల్చి చూస్తున్నా. ఇదే కోడ్ నడిసముద్రంలో ఉన్న ఇంకో బోయ్ మీద నడిపితే చుక్కలన్నీ గీత చుట్టూ బుద్ధిగా కూర్చున్నాయి, తీరం బోయ్ దగ్గరకొచ్చేసరికి ప్లాట్ చూస్తే ఏడుపొస్తోంది. ఎక్కువసార్లు శాటిలైటే ఎక్కువ చూపిస్తోంది, ఒక్కోసారి అర మీటర్ దాకా తేడా. మధ్యమధ్యలో నాలుగు మీటర్లు, ఐదు మీటర్లు అని అర్థంపర్థం లేని నంబర్లు, ఆ టైమ్‌లో బోయ్ ఒక్క మీటర్ అంటోంది. 50 కి.మీ. లోపు, అరగంట తేడా లోపు ఉన్న పాయింట్లన్నీ తీసుకున్నా, పేపర్లలో అందరూ వాడేది అదే కదా. బోయ్ తీరం నుంచి 12 కి.మీ., అక్కడ లోతు 25 మీటర్లు, ఓ పక్కన నేల ముక్కులాగా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంది. ఇప్పుడు శాటిలైట్ తప్పా, బోయ్ తప్పా? రిపోర్ట్‌లో ఏదో ఒకటి రాయాలి.

తెరచాప
ఒకడు పైనుంచి చూస్తున్నాడు, ఇంకొకడు నీళ్ళలో నానుతున్నాడు. నానేవాడి మాటే నా ఓటు.

పాత_రాడార్
ముందు ఆ 50 కి.మీ. సంగతి తేల్చుకో. అది 1980ల్లో నడిసముద్రం బోయ్‌ల కోసం అనుకున్న లెక్క, అక్కడ యాభై కిలోమీటర్లు అటు పోయినా ఇటు పోయినా అల పెద్దగా మారదు కాబట్టి చెల్లింది. నీ బోయ్ చుట్టూ అదే సర్కిల్ గీసి చూడు, ఎంత భాగం నేల మీద పడుతుందో, మిగిలిన దాంట్లో ఎంత లోతు నీళ్ళు కలిసిపోతున్నాయో. 25 మీటర్ల లోతులో ఉన్న బోయ్‌ని తీసుకెళ్ళి బయటి లోతు సముద్రంతో పోల్చి అది తక్కువ చెప్తోందని తిడితే అదేం చేస్తుంది పాపం.

రెండోది, ఆ నాలుగైదు మీటర్ల నంబర్లు. అవి అలలు కావు, నేల. ఆల్టిమీటర్ అల ఎత్తుని నేరుగా కొలవదు కదా, పల్స్ కిందికి పంపిస్తుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వని ఎంత నిటారుగా లేచిందో చూస్తుంది. సముద్రం చదునుగా ఉంటే శక్తి అంతా ఒక్కసారి వచ్చేస్తుంది, ముందు అంచు గోడలాగా నిలబడుతుంది. అలలుంటే శిఖరాల నుంచి ముందు, గుంటల నుంచి వెనక వస్తుంది కాబట్టి అంచు వాలిపోతుంది. ఆ వాలు నుంచే ఎత్తు లెక్కేస్తారు. మామూలు రీట్రాకర్ (ప్రతిధ్వని ఆకారం నుంచి ఎత్తు లెక్కేసే ప్రోగ్రామ్) ఏం చేస్తుందంటే అంచుతో పాటు దాని వెనక పొడుగ్గా ఉండే తోకని కూడా కలిపి ఒక మోడల్‌కి ఫిట్ చేస్తుంది. ఆ తోక వచ్చేది శాటిలైట్ కింద చుక్క నుంచి కాదు, పక్కన కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి. అక్కడ నేల గానీ, కేప్ (నువ్వన్న ఆ నేల ముక్కు) చాటున గాలి లేక అద్దంలా మెరిసే నీళ్ళు గానీ ఉంటే తోకలో ఇంకో శిఖరం లేస్తుంది. ఫిట్ గందరగోళపడి దాన్ని కూడా అలల ఖాతాలో వేసేస్తుంది.

1 హెర్ట్జ్ డేటా (సెకనుకి ఒక రీడింగ్) వాడుతున్నావా, 20 హెర్ట్జా (సెకనుకి ఇరవై)?

అలలలెక్క
1 హెర్ట్జ్. అందరూ అదే వాడమన్నారు, నాయిస్ తక్కువని.

పాత_రాడార్
నాయిస్ తక్కువే, కానీ ఒక్కో పాయింట్ ఆరేడు కిలోమీటర్ల సగటు. తీరానికి 12 కి.మీ.లో ఆరేడు కిలోమీటర్ల సగటుతో ఏం తెలుస్తుంది? 20 హెర్ట్జ్ తీసి ఒక్క పాస్ (శాటిలైట్ ఒకసారి పైనుంచి పోయినప్పటి రీడింగులు) వరసగా ప్రింట్ చేసి ఇక్కడ పెట్టు. స్కాటర్ ప్లాట్ పక్కన పెట్టేయ్ ప్రస్తుతానికి.

కెరటం99
ఇంత కష్టమెందుకు బ్రో, తీరం నుంచి 20 కి.మీ. లోపు ఉన్న పాయింట్లన్నీ తీసేయ్, మిగిలింది నీట్‌గా వస్తుంది. మా ప్రాజెక్టులో అదే చేశాం, కోరిలేషన్ చక్కగా వచ్చింది, రివ్యూలో ఒక్కడు కూడా అడగలేదు.

గణాంకాలగోల
కెరటం99, బోయ్ 12 కి.మీ. దగ్గరుంటే 20 కి.మీ. లోపు తీసేయమంటారేంటండీ, ఇక పోల్చేది దేంతో? మసి పూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. కోరిలేషన్ చక్కగా రావడం కూడా గొప్పేం కాదు, డేటాలో నాలుగు తుఫాన్ రోజులుంటే చాలు దానంతటదే పెరుగుతుంది, ప్రశాంతంగా ఉన్న సీజన్ మాత్రమే తీసుకుంటే అదే శాటిలైట్, అదే బోయ్, కోరిలేషన్ పడిపోతుంది. పరికరం మారలేదు కదా మధ్యలో. బయాస్ (ఎప్పుడూ ఒకే వైపు ఉండే తప్పు) ఎంత, చెదురు ఎంత, ఎన్ని జతలు మిగిలాయి, ఎన్ని ఎందుకు పారేశారు, ఇవి నాలుగూ పక్కపక్కన రాయకపోతే ఆ నంబర్‌కి అర్థం లేదు.

ఇంకో తిరకాసు. క్వాలిటీ ఫ్లాగులు కఠినంగా పెడితే పోయేవి చెత్త పాయింట్లు మాత్రమే కాదు, గట్టి వానలో ఎత్తైన అలలున్న పాయింట్లు కూడా పోతాయి. మిగిలిన డేటా ఎప్పుడూ మంచి వాతావరణమే చూపిస్తుంది.

కెరటం99
సరే సార్, తీర్పు విన్నాం. కానీ ఆ పది కిలోమీటర్లలో ఆల్టిమీటర్ చెప్పేది నమ్మేవాడు ఎవడో చూపించండి.

ఉప్పుగాలి
నమ్మకం గురించే అయితే బోయ్ తరఫున నేను మాట్లాడతా, ఎందుకంటే దాన్ని నీళ్ళలోంచి తీసి నాచు గీకేది నేనే. బోయ్ అంటే దైవవాక్కు అనుకుంటారు డేటా దించుకునేవాళ్ళంతా. లోపల ఉండేది యాక్సిలరోమీటర్, అది కొలిచేది పైకీ కిందికీ త్వరణం, దాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే ఎత్తు వస్తుంది. ఈ రెండుసార్లలో చిన్న తప్పు కూడా తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు ఉబ్బిపోతుంది, అందుకే ఆ చివరని కోసేస్తారు, కోసేటప్పుడు నిజమైన పొడుగు స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడుగాటి అలలు) కూడా కొంచెం తెగొచ్చు. పైగా గొలుసు. కరెంట్ గట్టిగా ఉన్నప్పుడు గొలుసు బిగుసుకుని బోయ్‌ని అల మీదకి పూర్తిగా ఎక్కనివ్వదు, నిటారు అలలొస్తే శిఖరం ఎక్కకుండా పక్కనుంచి జారుకుంటుంది. ఓసారి ఒక బోయ్ రీడింగులు కొన్నాళ్ళపాటు అనుమానంగా చదునుగా వచ్చాయి, వెళ్ళి చూస్తే ఎవరో చేపల పడవని దానికే కట్టేసుకుని తాపీగా వేట చేసుకుంటున్నారు, వాళ్ళని చూసి మేం, మమ్మల్ని చూసి వాళ్ళు కాసేపు అలా ఉండిపోయాం. నాచు, గవ్వలు పట్టి బరువెక్కితే అది వేరే కథ.

హల్ (బోయ్ తొడుగు) మార్చినా, లోపల ప్రాసెసింగ్ పెట్టె మార్చినా పాత సిరీస్‌కీ కొత్త సిరీస్‌కీ మధ్య మెట్టు పడుతుంది. నీ బోయ్ మెటాడేటాలో ఎప్పుడు ఏం మార్చారో చూడు ముందు.

తెరచాప
నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

గణాంకాలగోల
ఉప్పుగాలి అన్నదానికి ఇంకోటి. పరికరం నిక్షేపంగా ఉన్నా బోయ్ రీడింగ్‌లో సహజంగానే ఊగిసలాట ఉంటుంది. ఇరవై నిమిషాల రికార్డులో ఉండేది నూరు నూటయాభై అలలు, అంత చిన్న శాంపిల్ నుంచి లెక్కేసిన ఎత్తు 2 మీటర్ల సముద్రంలో ఎటు చూసినా పది పదిహేను సెంటీమీటర్లు ఊగుతుంది. అదే చోట పక్కపక్కన రెండు బోయ్‌లు వేసినా అచ్చంగా కలవవు. ఇది ఎవరి తప్పూ కాదు.

ఇంకా, బోయ్ ఇచ్చేది స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే లెక్క) నుంచి తీసిన ఎత్తా, లేక పెద్ద మూడో వంతు అలల సగటా అన్నది చూడండి. రెండింటినీ సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అనే పిలుస్తారు గానీ రెండోది మామూలుగా ఓ 5 శాతం తక్కువొస్తుంది. బోయ్ తక్కువ, శాటిలైట్ ఎక్కువ అని మొదట్లో అన్నారు కాబట్టి అడుగుతున్నా.

అలలలెక్క
స్పెక్ట్రమ్ నుంచి తీసిందే, నాలుగు రెట్లు వేరియన్స్ వర్గమూలం అని రాసుంది. హల్ మార్పు కూడా నేను తీసుకున్న కాలంలో లేదు.

పాత_రాడార్ అడిగిన పాస్ ఇదిగో, జేసన్-3, సముద్రం నుంచి తీరం వైపు వస్తోంది. ఎడమ నుంచి కుడికి తీరం దగ్గరవుతుంది, మధ్యమధ్యలో కొన్ని పాయింట్లు వదిలేసి రాస్తున్నా: 1.6, 1.2, 1.9, 1.4, 1.5, 1.1, 1.7, 1.3, 2.6, 3.9, 4.8, ఖాళీ, 0.0, ఖాళీ. 1.3 ఉన్న చోట తీరం ఇంకా 9 కి.మీ. దూరంలో ఉంది. బోయ్ ఆ టైమ్‌కి 1.1 అంటోంది.

పాత_రాడార్
చూశావా, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మొదటి భాగంలో అర మీటర్ దాకా ఊగేది 20 హెర్ట్జ్ నాయిస్, దానికి కంగారు పడక్కర్లేదు, అందులో ఓ ఇరవై పాయింట్ల మీడియన్ తీస్తే 1.4 దగ్గర నిలబడుతుంది. సగటు వద్దు, మీడియనే. నీ 1 హెర్ట్జ్ పాయింట్ ఈ 2.6, 3.9, 4.8 లని కూడా కలిపేసుకుని సగటు చేసుకొచ్చింది, నీ ప్లాట్‌లో పైకెగిరిన చుక్కలు అవే. ఆ పాయింట్ల వేవ్‌ఫామ్‌లు, అంటే ప్రతిధ్వని ఆకారాలు, బొమ్మ గీసి చూడు, ముందు అంచు ముప్పయ్యో గేట్‌కి (ప్రతిధ్వనిని కోసిన చిన్న కాలపు ముక్క) అటూఇటూగా మామూలుగానే లేస్తుంది, వెనక తోకలో ఓ బొడిపె కనబడుతుంది. తీరం దగ్గరయ్యేకొద్దీ ఒక్కో వేవ్‌ఫామ్‌కీ ఆ బొడిపె ముందుకి జరుగుతూ వచ్చి చివరికి అంచులో కలిసిపోతుంది. అది కలిసేదాకా అంచు శుభ్రంగానే ఉంటుంది, అదే ఇక్కడ కీలకం.

అందుకే తోకని వదిలేసి అంచు చుట్టుపక్కల ముక్క మాత్రమే ఫిట్ చేసే ఏల్స్ లాంటి రీట్రాకర్లు వచ్చాయి. వాటితో తీరానికి ఇంకా చాలా దగ్గరిదాకా వెళ్ళొచ్చు. మామూలు ప్రోడక్ట్ చూసి ఆల్టిమీటర్ పనికిరాదని తేల్చేయడం తొందరపాటు, కెరటం99 నీకే ఇది.

ఇంకో మాట, ఈ పాస్ సముద్రం నుంచి నేల వైపు వస్తోంది కాబట్టి చివరిదాకా సిగ్నల్ పట్టు ఉంది. నేల నుంచి సముద్రం వైపు వెళ్ళే పాస్‌లలో ట్రాకర్ కొండల మీద దారితప్పి నీళ్ళ మీద మళ్ళీ కుదురుకునేసరికి కొన్ని కిలోమీటర్లు పోయేవి పాత శాటిలైట్లలో. ఎత్తుల పటాన్ని ముందే పెట్టుకుని పోయే పద్ధతి వచ్చాక ఆ బాధ తగ్గింది. అయినా ఉత్తరం వైపు పైకెళ్ళే పాస్‌లు, దక్షిణం వైపు కిందికొచ్చే పాస్‌లు విడివిడిగా ప్లాట్ చెయ్యి.

మౌనమీనం
మొదటిసారి రాస్తున్నా, తప్పుగా అడిగితే ఏమనుకోకండి. ఇద్దరి మధ్య తగువు కదా, ఈఆర్ఏ5 (ప్రపంచమంతటి పాత వాతావరణాన్నీ అలల్నీ తిరిగి లెక్కేసిన డేటా) మోడల్‌ని మధ్యవర్తిగా పెట్టుకుంటే సరిపోదా?

నీలిరేఖ
మంచి ప్రశ్నేనండీ. కానీ ఈఆర్ఏ5 తయారీలో ఆల్టిమీటర్ అల ఎత్తుల్ని కలుపుకున్నారు, అంటే జడ్జిగారు ఒక పక్షానికి బంధువు అన్నమాట. అది పక్కనపెట్టినా దాని వేవ్ గ్రిడ్ దగ్గర దగ్గర 40 కి.మీ., అలలలెక్క గారి బోయ్, కేప్, తీరం, బయటి సముద్రం అన్నీ కలిపి ఒకటి రెండు గడుల్లో సర్దుకుపోతాయి. తీర్పు చెప్పడానికి ఆ కేప్ దానికి కనబడాలి కదా ముందు.

మోడల్ వాడాలంటే సన్నటి గ్రిడ్‌తో, లోతులు సరిగ్గా పెట్టి ఆ చిన్న ప్రాంతానికి విడిగా నడపాలి. దాన్ని తీర్పు కోసం కాకుండా వేరే పనికి వాడండి, బోయ్ దగ్గర అలలు ఎలా మారుతున్నాయో శాటిలైట్ ట్రాక్ మీద ఏ చోట సరిగ్గా అలాగే మారుతున్నాయో కనిపెట్టడానికి. దగ్గరున్న పాయింటే సరైన జత అని రూలేం లేదు. కేప్ అవతల 5 కి.మీ.లో ఉన్న పాయింట్ కంటే ఇవతల అదే లోతులో 15 కి.మీ. దూరాన ఉన్నది మేలు కావచ్చు.

అసలు విషయానికొస్తే, ఎవరు తప్పు అని అడుగుతున్నారు గానీ ఇద్దరూ ఒప్పే అయ్యే అవకాశం మీ దగ్గర బాగా ఉంది. 8 సెకన్ల అల లోతు నీళ్ళలో 100 మీటర్ల పొడుగు, 12 సెకన్ల స్వెల్ 225 మీటర్లు. పొడుగులో సగం లోతుకి వచ్చేసరికి అలకి అడుగు తగలడం మొదలవుతుంది. అంటే మీ 12 సెకన్ల స్వెల్‌కి 110 మీటర్ల లోతు నుంచే మార్పు మొదలు, 25 మీటర్ల దగ్గరికొచ్చేసరికి వంగుతుంది, నెమ్మదిస్తుంది, అడుగు రాపిడికి కొంత పోగొట్టుకుంటుంది. పైగా లోతు తగ్గేటప్పుడు అల వెంటనే పెరగదు, మొదట ఓ పది శాతం దాకా తగ్గి, బాగా తీరం దగ్గరికొచ్చాక పెరిగి విరుగుతుంది. మీ బోయ్ ఆ తగ్గే భాగంలో ఉండొచ్చు. అలలు కేప్ వైపు నుంచి వస్తే ఇక చాటు ప్రభావం, అది పది శాతంతో పోదు.

అరగంట సంగతి కూడా చూడండి. 12 సెకన్ల స్వెల్ శక్తి సెకనుకి 9 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది, అరగంటలో 17 కి.మీ. కొత్త స్వెల్ వచ్చే రోజున ట్రాక్ దగ్గరికి చేరిన అలలు బోయ్ దగ్గరికి ఇంకా చేరే ఉండవు.

ఒక్క పని చేయండి, బోయ్ దగ్గర అలల దిశ ఉంటే దిశవారీగా జతల్ని విడగొట్టి తేడా చూడండి. పరికరం తప్పయితే దిశతో సంబంధం ఉండకూడదు.

ఉప్పుగాలి
మేడమ్ చెప్పింది ముందు చేయి. దిశ తీసుకునేటప్పుడు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూసుకో, ఫైల్‌కో పద్ధతి ఉంటుంది. టైమ్ స్టాంప్ రికార్డ్ మొదలుదా, చివరిదా అన్నది కూడా.

తెరచాప
180 డిగ్రీలు తేడా వస్తే అలలు నేల మీంచి సముద్రంలోకి వెళ్తాయి, అప్పుడు పేపర్ కాదు ప్రైజే.

కెరటం99
సరే, ఏల్స్ వాడాలి, మీడియన్ తీయాలి, దిశ చూడాలి, ఒప్పుకుంటా. కానీ సెంటినల్-3 సార్ (ఎస్ఏఆర్, డాప్లర్ వాడి మచ్చని సన్నబరిచే రాడార్ పద్ధతి) మోడ్ కదా, దానికి ఈ గొడవలేవీ ఉండవని విన్నా. జేసన్ తీసేసి అది ఒక్కటే ఉంచుకుంటే పోలా?

పాత_రాడార్
గొడవలు తగ్గుతాయి, పోవు. సార్ మోడ్‌లో ట్రాక్ వెంబడి రాడార్ చూసే మచ్చ 300 మీటర్లకి సన్నబడుతుంది, అడ్డంగా మాత్రం ఇంకా కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. అంటే సన్నటి పట్టీ. ట్రాక్ తీరానికి లంబంగా వస్తే ఆ పట్టీ తీరానికి సమాంతరంగా పడుకుని నేలని తాకకుండా దగ్గరిదాకా వస్తుంది. ట్రాక్ తీరం వెంబడే పోయిందనుకో, పట్టీ ఒక కొస నేల మీద, ఇంకో కొస నీళ్ళలో. అప్పుడు ఏ లాభమూ లేదు.

ఇంకా స్వెల్ దెబ్బ. 14 సెకన్ల స్వెల్ పొడుగే 300 మీటర్ల పైన, అంటే నీ మచ్చ ఒక్క అలలోనే ఇమిడిపోతుంది, మచ్చలో బోలెడు అలలున్నాయనే ఊహ మీద లెక్కంతా నడుస్తుంటే. దానికి తోడు నీళ్ళు పైకీ కిందికీ కదలడం వల్ల డాప్లర్ చెదిరి అల ఎత్తు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇది ఊరికే అంటున్నది కాదు, సెంటినల్-6 శాటిలైట్ మామూలు మోడ్, సార్ మోడ్ రెండూ ఒకేసారి ఇస్తుంది, అదే సముద్రం, అదే క్షణం, సార్ వైపు ఎత్తు ఎక్కువొస్తోంది. అది 2020లో వెళ్ళాక ఏడాది పైగా జేసన్-3కి 30 సెకన్ల తేడాతో వెంట నడిపించారు కూడా. అలాంటి జతలో సముద్రం మారింది అనే సాకు ఉండదు. నీకు మాత్రం జేసన్-3, సెంటినల్-3 రెంటినీ ఒకే సంచిలో పోయకు, విడివిడిగా బయాస్ చూడు.

గణాంకాలగోల
దానికి తోడు చిన్న అలల సమస్య. మీ బోయ్ దగ్గర చాలా రోజులు మీటర్ లోపే ఉంటుంది కదా? జేసన్ గేట్ వెడల్పు 3.125 నానోసెకన్లు, దూరంలో 47 సెంటీమీటర్లు. అర మీటర్ అలకి ఆ వాలు అంచు ఒకటి రెండు గేట్లలో అయిపోతుంది, కొలవడానికి అక్కడ ఏం ఉండదు. అలాంటి రోజుల్లో 0.0 వస్తే సముద్రం చచ్చిపడిందని కాదు. ఆల్టికా అనే ఇంకో ఆల్టిమీటర్ బ్యాండ్‌విడ్త్ 500 మెగాహెర్ట్జ్, గేట్ 30 సెంటీమీటర్లు, కాస్త నయం, వాన పడితే మాత్రం అదే ముందు కళ్ళు మూసుకుంటుంది. సున్నాలు తీసేస్తే సగటు పైకి పోతుంది, ఉంచితే కిందికి, ఏది చేసినా చెప్పి చేయండి.

రిగ్రెషన్ గీత కూడా మామూలుది గీయకండి. అది బోయ్‌లో తప్పే లేదని అనుకుని గీసేది, ఉప్పుగాలి చెప్పిన పడవ కథ విన్నాక ఆ మాట ఎలా అంటాం. రెండువైపులా తప్పుందని ఒప్పుకునే ఆర్తోగొనల్ గీత వాడండి. నీలిరేఖ గారి సన్నగ్రిడ్ మోడల్ ఆల్టిమీటర్‌ని కలుపుకోకుండా నడిపితే ముగ్గురినీ పెట్టి ట్రిపుల్ కొలొకేషన్ చేయొచ్చు, తిలా పాపం తలా పిడికెడు ఎవరికెంతో లెక్క తేలుతుంది. ముగ్గురి తప్పులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి, అది ముఖ్యమైన షరతు.

మౌనమీనం
అలాగైతే క్యాలిబ్రేట్ చేసిన ఆల్టిమీటర్ డేటా అని దొరుకుతుంది కదా, దాన్ని దిద్దింది కూడా బోయ్‌లతోనే కదా? అందులో ఈ బోయ్ కూడా ఉంటే?

గణాంకాలగోల
ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు. కరెక్ట్. దిద్దడానికి వాడిన బోయ్‌ల లిస్ట్ చూసుకోవాలి. మామూలుగా తీరానికి దూరంగా ఉన్నవే తీసుకుంటారు కాబట్టి 12 కి.మీ. బోయ్ అందులో ఉండే అవకాశం తక్కువ, అయినా చూడాలి.

అలలలెక్క
దిశవారీగా విడగొట్టా. తీరం రీట్రాకర్ డేటా, మీడియన్, అడ్డం దూరం 15 కి.మీ. లోపు, కేప్‌కి ఇవతల పాయింట్లు మాత్రమే. జతలు బాగా తగ్గిపోయాయి గానీ బొమ్మ మారింది. అలలు తెరిపి వైపు నుంచి నేరుగా వచ్చే రోజుల్లో జేసన్-3కీ బోయ్‌కీ తేడా దాదాపు లేదు, నడిసముద్రం బోయ్ అంత బాగా కాకపోయినా. కేప్ వైపు నుంచి వచ్చే రోజుల్లో శాటిలైట్ ఎక్కువే చూపిస్తోంది, పీరియడ్ (అలకీ అలకీ మధ్య సెకన్లు) పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతోంది. సెంటినల్-3 మాత్రం అన్ని దిశల్లోనూ కొంచెం పైనే ఉంది.

నీలిరేఖ
పొడుగు స్వెల్ కేప్ చుట్టూ ఎక్కువ వంగి చాటులోకి చేరుతుంది, పొట్టి గాలి అలలు చేరవు. పీరియడ్‌తో తేడా తగ్గడం అందుకే. ఆ తేడాని శాటిలైట్ బయాస్ అని మాత్రం రిపోర్ట్‌లో రాయకండి.

కెరటం99
మరి 6 కి.మీ. లోపల?

అలలలెక్క
అక్కడ చుక్కలు చెల్లాచెదురుగానే ఉన్నాయి, దిశ మార్చినా రీట్రాకర్ మార్చినా.

కెరటం99
నేనన్నది అదేగా.

పాత_రాడార్
నువ్వన్నది 20. ఆరు వేరు, ఇరవై వేరు. ఆ మధ్య 14 కిలోమీటర్లలోనే రేవులు, పడవలు, జనం అందరూ ఉంటారు.

ఉప్పుగాలి
సెంటినల్-3 ట్రాక్ తీరానికి ఎంత కోణంలో వస్తోందో ఇంకా చెప్పలేదు నువ్వు. ఏటవాలుగా వస్తుంటే ఆ పైకి ఉన్నదాంట్లో నేల వాటా ఎంతో, స్వెల్ వాటా ఎంతో విడిగా చూడాలి. 12 సెకన్ల పైన ఉన్న రోజులు, కింద ఉన్న రోజులు రెండు రంగుల్లో పెట్టి పోస్ట్ చెయ్యి, బోయ్ సీరియల్ నంబర్ నాకు మెసేజ్ పెట్టు, గొలుసు పొడుగు ఎంత వేశారో కనుక్కుంటా.